చదివింది పరీక్ష దాకా నిలవాలంటే పుస్తకం మూయాలి

ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్య ముగిసిన గ్రూప్-2 సంగతే చూడండి. నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న అయ్యాయి. మెయిన్స్ వాయిదా పడి చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. నోటిఫికేషన్ వచ్చిన నెలలో చదివిన పాఠం మెయిన్స్ హాల్లో అక్కరకు రావాలంటే పద్నాలుగు నెలలు నిలవాలన్నమాట. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం... ఎక్కడి రీడింగ్ రూముకు వెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: ‘‘రోజుకి పది గంటలు కూర్చుంటున్నానండి. నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండట్లేదు.’’

ఈ మాట అనేవాళ్లలో చాలామంది తప్పు తమ బుర్రదే అనుకుంటారు. చిన్నప్పటి నుంచీ నాకు జ్ఞాపకశక్తి తక్కువ అంటారు. లేదంటే పది గంటల్ని పన్నెండు చేస్తారు. రెండూ అక్కర్లేదని నా నమ్మకం. వాళ్లు ఆ పది గంటలూ చేస్తున్నది చదవడం, మళ్లీ చదవడం, గీతలు గీయడం, ఇంకోసారి చదవడం. జ్ఞాపకం గట్టిపడేది అక్కడ కాదు. పుస్తకం మూసి, కాస్త మరుపు తగిలాక, కష్టపడి అప్పజెప్పుకున్నప్పుడు గట్టిపడుతుంది. మనస్తత్వ శాస్త్రంలో ఇంత గట్టిగా, ఇన్నిసార్లు రుజువైన విషయాలు తక్కువ. అయినా మన ప్రిపరేషన్‌లో దీనికి ఇచ్చే చోటు చాలా చిన్నది. ఎందుకో, దాన్ని ఎలా మార్చుకోవాలో చూద్దాం.

మరుపు లెక్క అసలేం చెప్పింది

1880ల్లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల ముక్కల్ని వరసగా పేర్చి, తప్పు లేకుండా వచ్చేదాకా వల్లె వేసేవాడు. కొంత విరామం ఇచ్చి అదే వరసను మళ్లీ నేర్చుకునేవాడు. మొదటిసారితో పోలిస్తే రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్క కట్టేవాడు. 20 నిమిషాల విరామం తర్వాత ఆదా 58 శాతం. గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, 31 రోజులకు 21. దీన్ని 1885లో పుస్తకంగా వేశాడు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఇంచుమించు అదే గీత వచ్చింది.

ఈ లెక్కే వాట్సాప్‌లో ‘‘చదివినదాంట్లో మర్నాటికి 70 శాతం పోతుంది’’ అన్న రూపంలో తిరుగుతుంటుంది. అది చూసి హడలిపోయే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. ఆయన నేర్చుకున్నవి అర్థం లేని ముక్కలు. రాజ్యాంగంలో ఒక అధికరణం గానీ, ధవళేశ్వరం ఆనకట్ట కథ గానీ అలాంటివి కావు. అర్థమున్న విషయం, అందులోనూ మనకు ముందే తెలిసినదానితో ముడిపడ్డ విషయం, అంత వేగంగా జారిపోదు. ఇంకొకటి, ఆయన కొలిచింది ఎంత పోయిందన్నది కాదు, తిరిగి నేర్చుకోవడానికి ఎంత తక్కువ శ్రమ పట్టిందన్నది. అప్పజెప్పమంటే ఒక్క ముక్కా రాకపోయినా, మళ్లీ నేర్చుకునేటప్పుడు మాత్రం కొత్తవాడి కంటే వేగంగా వస్తుంది. అంత అర్థం లేని సరుకు కూడా నెల తర్వాత ఐదో వంతు శ్రమ మిగిల్చింది.

గోదావరి డెల్టాలో చదువుకునేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం. మన దగ్గర చదువు నిరాటంకంగా సాగదు. సార్వా కోతలొస్తే ఇంటికెళ్లాలి. చెరువు పట్టుబడి ఉంటే నాన్నకు సాయం కావాలి. వరదొస్తే లంక గ్రామాల వాళ్లకు ఆ పది రోజులూ పుస్తకం తెరిచే వీలే ఉండదు. తిరిగొచ్చి నోట్సు తెరిస్తే అంతా కొత్తగా కనిపించి, ‘‘మళ్లీ మొదటికొచ్చాను’’ అని ఏడుపొస్తుంది. మొదటికి రాలేదు. పోయిందనిపించేదంతా నిజానికి పోయింది కాదు. చేతికి అందని చోట ఉందంతే. రాబర్ట్ బ్యోర్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ రెంటినీ విడివిడిగా చూడమంటాడు: విషయం లోపల ఎంత గట్టిగా నాటుకుంది, ఈ క్షణాన అది ఎంత తేలిగ్గా చేతికొస్తుంది. ఆయన సిద్ధాంతంలో అసలు కీలకం, తేలిగ్గా అందనిదాన్ని కష్టపడి అందుకున్నప్పుడే అది లోపల ఎక్కువ గట్టిపడుతుందన్నది. కాస్త మరుపు రావడం మన పనికి సాయమే చేస్తుంది.

తెలిసినట్టే ఉంటుంది

మరైతే అందరూ మళ్లీ మళ్లీ చదవడానికే ఎందుకు అలవాటు పడ్డారు? అది హాయిగా ఉంటుంది కనుక. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు పరిచయమున్న మొహాల్లా పలకరిస్తాయి. మూడోసారికి పేజీలో ఏది ఎడమ పక్క ఉందో, ఏ లైను కింద పచ్చ గీత ఉందో కూడా తెలిసిపోతుంది. ‘ఇది నాకొచ్చు’ అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం చేస్తుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు ఈ విషయాన్ని కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించారు. ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారి చదివి, కాగితం మీద గుర్తున్నంత మూడుసార్లు రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 83 శాతానికి 71. వారం తర్వాత పెడితే మొత్తం తలకిందులైంది. చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, అప్పజెప్పుకున్నవాళ్లకు 61. వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పినవాళ్లు నాలుగుసార్లు చదివినవాళ్లే.

ఆ ఐదు నిమిషాల ఫలితం దగ్గర కాసేపు ఆగండి. రేపు పరీక్ష ఉంటే ఈ రాత్రి బట్టీ పట్టడం పనిచేస్తుంది. స్కూలు యూనిట్ టెస్టుల నుంచి డిగ్రీ దాకా మనందరం ఆ పద్ధతిలోనే గట్టెక్కాం. అందుకే దాని మీద అంత నమ్మకం. అదే పద్ధతిని ఏడాది సాగే పరీక్షకు తెచ్చేసరికి చేతులెత్తేస్తుంది. తెలివి తగ్గిందేమో అనుకుంటాం గానీ, మారింది చదువుకూ పరీక్షకూ మధ్య ఎడం.

జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో విద్యార్థులు వాడే పది పద్ధతుల్ని పాత పరిశోధనలన్నీ తిరగేసి తూకం వేసింది. అందులో రెంటికే పెద్ద మార్కులు పడ్డాయి: తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, చదువును రోజుల మీద ఎడం ఎడంగా పరచుకోవడం. హైలైటర్ గీతలు, మళ్లీ చదవడం, సారాంశం రాసుకోవడం అడుగున నిలిచాయి. మన కోచింగుల్లో ఇష్టంగా చెప్పే కోడ్‌ల లాంటి గుర్తు చిట్కాలకూ తక్కువ మార్కులే వచ్చాయి. నాలుగు పేర్ల వరస గుర్తుంచుకోవడానికి కోడ్ పనికొస్తుంది. రెండు వాక్యాలిచ్చి ఏది సరైనదని అడిగే ప్రశ్నకు అది ఏ సాయమూ చెయ్యదు.

అవధాని ఏం చేస్తాడు

అవధానానికి మన జిల్లాలు పుట్టిల్లంత దగ్గర. దాన్ని ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) భీమవరం దగ్గరి యండగండిలో పుట్టారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కడియంలో పుట్టారు. అవధానం చూసి వచ్చినవాళ్లు చివర జరిగే ధారణ గురించే చెబుతారు. ఎప్పుడో చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పేశాడండీ, దైవదత్తం అంటారు. ప్రతిభ లేకుండా అది రాదన్నది నిజమే. కానీ ఆ పద్ధతిని దగ్గరగా చూస్తే, మన చదువుకు పనికొచ్చేది చాలా కనిపిస్తుంది.

శతావధానంలో నూరు మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు. మొదటి ఆవృత్తిలో అవధాని ఒక్కొక్కరు అడిగినదానికి ఒక్కో పద్యపాదం చెప్పుకుంటూ పోతాడు. పద్యం పూర్తి చేసి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లడు. మొదటి పృచ్ఛకుడి దగ్గరికి రెండో పాదం కోసం తిరిగొచ్చేసరికి మధ్యలో తొంభై తొమ్మిది మందికి తొంభై తొమ్మిది పాదాలు చెప్పి ఉంటాడు. అప్పుడు ఆయనకు తాను చెప్పిన మొదటి పాదం గుర్తు రావాలి. అది ఏ ఛందస్సు, ప్రాస అక్షరం ఏది, అడిగిన విషయం ఏమిటి, అన్నీ మనసులోకి తెచ్చుకుంటే గానీ రెండో పాదం అల్లలేడు. మూడో ఆవృత్తిలో మొదటి రెండు పాదాలూ, నాలుగో ఆవృత్తిలో మూడూ. అంటే చివర ధారణకు కూర్చునే వేళకే ప్రతి పద్యాన్నీ ఆయన చాలా ఎడంతో, మధ్యలో వేరే విషయాలు అడ్డొస్తుండగా, పుస్తకం గానీ కాగితం గానీ లేకుండా మూడుసార్లు లోపలి నుంచి పైకి లాగి ఉన్నాడు. ధారణ నాలుగోసారి. అష్టావధానంలోనూ సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి ఇలాగే నాలుగు విడతల్లో నడుస్తాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం వాడు అడ్డం పడుతుంటాడు.

ఇందులో మూడు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. చూడకుండా తెచ్చుకోవడం, ఎడం ఇచ్చి తెచ్చుకోవడం, వేరే విషయాలతో కలిపి తెచ్చుకోవడం. పైగా యతి, ప్రాస, గణాలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. ఒక్క అక్షరం దొరికితే దాన్ని పట్టుకుని పాదమంతా వస్తుంది. ఈ నాలుగూ ప్రయోగశాలల్లో విడివిడిగా రుజువైనవే.

కోనసీమ వేదపండితుల పద్ధతి చూసినా ఇలాంటిదే కనిపిస్తుంది. క్రమపాఠంలో మాటలు ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అంటూ జతలుగా సాగుతాయి. ఘనపాఠంలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు. అక్షరం గానీ స్వరం గానీ మారకుండా కాపాడటం వాళ్ల లక్ష్యం. మనకు అంత కట్టుదిట్టం అక్కర్లేదు. కానీ ఒకే వరసలో వల్లె వేసింది ఆ వరసలోనే వస్తుందన్నది మనకూ వర్తిస్తుంది. మొదటి నుంచి అందుకుంటే తప్ప మధ్యలోంచి రాదు. పరీక్షలో బిట్లు మన నోట్సు వరసలో రావు కదా. కాబట్టి చాప్టరును చివరి నుంచి మొదటికి ఒకసారి, ఎక్కడ పడితే అక్కడి నుంచి ఒకసారి అప్పజెప్పుకోవడం మంచిది.

ఎంత ఎడం?

దీనికి అందరికీ పనికొచ్చే ఒకే అంకె లేదు. పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఎడం మారుతుంది. నికొలస్ సెపెడా బృందం 2008లో 1,350 మందికి పైగా జనం మీద చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా పనికొస్తుంది. వాళ్లకు కొన్ని వింత విషయాలు నేర్పి, కొన్నాళ్ల ఎడంతో ఒకసారి రివిజన్ చేయించి, ఆ తర్వాత వారం నుంచి దాదాపు ఏడాది దాకా ఆగి పరీక్ష పెట్టారు. పరీక్ష వారం దూరంలో ఉంటే ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. 35 రోజులైతే 11 రోజుల ఎడం. 70 రోజులకు 21 రోజులు. 350 రోజుల తర్వాతి పరీక్షకూ వాళ్లు పెట్టి చూసిన ఎడాల్లో 21 రోజులదే మేలు అయింది. ఎడం మరీ తక్కువైతే జరిగే నష్టం, కాస్త ఎక్కువైతే జరిగే నష్టం కంటే పెద్దదని కూడా తేలింది. మనం సాధారణంగా చేసే తప్పు మొదటిదే. ఈరోజు చదివింది రేపు, ఎల్లుండి చదివేసి, ఇక రెండు నెలలు దాని మొహం చూడం.

నేను చెప్పే లెక్క ఇది. చదివిన సాయంత్రమే ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, మూడు వారాల తర్వాత ఒకసారి, రెండు నెలల తర్వాత ఒకసారి. ఎడం పెంచుకుంటూ పోవడం మేలా, సమానంగా ఉంచడం మేలా అని పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. మనకు ఆ వాదన అక్కర్లేదు. ఎడం ఉండాలి, అప్పజెప్పడం ఉండాలి, అంతే. తప్పిన ప్రశ్నను మళ్లీ మొదటి మెట్టుకు దించాలి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు దీనికోసం అట్టపెట్టెలో గదులు చేసి, కార్డుల్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపే పద్ధతి పెట్టాడు. ఇప్పుడు ఫోన్ యాప్‌లు చేసేదీ అదే. పెట్టె వద్దు, యాప్ వద్దు అనుకుంటే ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎడమ వైపు ప్రశ్నలు, కుడి వైపు జవాబులు, అంచున తేదీలు. కుడి వైపు మడిచేసి చెప్పుకోవాలి. నోట్సు కూడా మొదటి నుంచీ ప్రశ్నల రూపంలోనే రాసుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది.

ఒక చేదు లెక్క కూడా చెప్పాలి. రోజుకు 20 కొత్త ప్రశ్నలు రాసుకుని, ఒక్కోదాన్ని ఐదుసార్లు తిరిగి చూడాలంటే, రెండు నెలలు దాటేసరికి రోజూ 100 పాత ప్రశ్నలు ఎదురుగా ఉంటాయి. ప్రశ్నకు అర నిమిషం వేసుకున్నా 50 నిమిషాలు. అది భరించగలం. అదే రోజుకు 100 కొత్తవి పెట్టుకుంటే పాతవి 500 అవుతాయి, నాలుగు గంటలు పైన పడతాయి, పదో రోజుకి పుస్తకం మూలన పడుతుంది. కాబట్టి మెటీరియల్ తగ్గించాల్సిందే. రాజమండ్రి కోచింగ్‌లో తమ్ముడు కొన్నది, విజయవాడ నుంచి ఫ్రెండు పంపింది, టెలిగ్రామ్‌లో దిగిన పీడీఎఫ్‌లు, అన్నీ చదవాలంటే అప్పజెప్పడానికి రోజు మిగలదు. ఒక సబ్జెక్టుకు ఒక పుస్తకం, దాంట్లో లేనివి అంచున రాసుకోవడం. ఇందులో నేను రాజీ పడను.

ఒకదానికొకటి అడ్డం పడేవి

అభ్యర్థులు మరుపు అని చెప్పేదాంట్లో సగం నిజానికి మరుపు కాదు, కలగాపులగం. 73వ, 74వ రాజ్యాంగ సవరణలు తీసుకోండి. రెండూ 1992లో చేసినవే. పంచాయతీలది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, పురపాలక సంఘాలది అదే ఏడాది జూన్ 1న. మొదటిది 11వ షెడ్యూల్ తెచ్చింది, 29 అంశాలు. రెండోది 12వ షెడ్యూల్, 18 అంశాలు. మొదటిది 243 నుంచి 243-ఓ దాకా, రెండోది 243-పి నుంచి 243-జెడ్‌జి దాకా. విడివిడిగా చదివినప్పుడు ఏదీ కష్టం కాదు. నెల తర్వాత 29, 18 ఒకదాని స్థానంలో ఒకటి వచ్చి కూర్చుంటాయి. పోలికలున్న రెండు విషయాలు జ్ఞాపకంలో ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఎన్నిసార్లు విడివిడిగా వల్లె వేసినా ఈ జబ్బు పోదు.

మందు ఏమిటంటే, రెంటినీ పక్కపక్కన పెట్టి ‘ఎందుకు’ అని అడగడం. పుస్తకం మూసి తెల్లకాగితం మీద నిలువు గీత గీయండి. ఎడమ పక్క మీ ఊరి పంచాయతీ, కుడి పక్క అమలాపురం మున్సిపాలిటీ. పంచాయతీ జాబితా ఎందుకు పెద్దది? వ్యవసాయం, చిన్ననీటి పారుదల, పశుపోషణ, చేపల పెంపకం ఊళ్లో ఉండేవి కాబట్టి ఆ జాబితాలో చేరాయి. పట్టణ జాబితాలో అవి లేవు. దాంట్లో అగ్నిమాపక సేవలు, మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు, బస్టాపులు ఉన్నాయి. చేపల చెరువుల మధ్య పెరిగినవాడికి 29 ఎవరిదో ఇక పొరపాటు పడే అవకాశం తక్కువ. అంకెకు ఒక కారణం దొరికింది, కారణం వాడు రోజూ చూసే చెరువు గట్టు మీద ఉంది. ఏప్రిల్ 24ని జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవంగా జరుపుకోవడం ఇంకో కొక్కెం.

చరిత్ర సంవత్సరాలకూ ఇదే దారి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని ఒంటరిగా గుర్తుంచుకోవడం కష్టం. 1832-33 కరువు, 1839 కోరంగి తుపాను ఈ ప్రాంతాన్ని కుదేలు చేశాయి. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ నదిని సర్వే చేసి నివేదికలిచ్చాడు. పని మొదలైంది. నది గౌతమి, వశిష్ఠగా చీలకముందు, డెల్టా తల దగ్గర కట్టడం వల్లనే నీళ్లు వాలు మీద అటు తూర్పుకూ, ఇటు పడమటికీ, మధ్య డెల్టాకూ పారగలిగాయి. మధ్యలో లంకలు ఉండబట్టే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టగలిగారు. ఈ కథలో ఒక్క లింకు దొరికినా మిగతావి దాని వెంట వస్తాయి. ఇంటి పక్క లాకుల దగ్గర నీళ్లు చూస్తూ పెరిగిన మనకు ఇది వేరే జిల్లాల వాళ్లకు లేని సౌకర్యం. దాన్ని వాడుకోకుండా ఆ పేజీని కూడా మిగతా పేజీల్లాగే బట్టీ పట్టేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మెంటల్ ఎబిలిటీలో కలగాపులగాన్ని మనమే కావాలని తెచ్చిపెట్టుకోవాలి. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ కొందరితో నాలుగు రకాల ఘనపరిమాణం లెక్కలు చేయించారు. ఒక్కో రకాన్నీ వరసగా చేసినవాళ్లు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా చేశారు. అన్నీ కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63. కాలం-పని లెక్కలు వరసగా యాభై చేస్తే చేయి అలవాటు పడుతుంది. కానీ పరీక్షలో ‘ఇది ఏ రకం లెక్క’ అని గుర్తుపట్టడమే సగం పని. అది కలిపి చేస్తేనే అలవాటవుతుంది. కలిపి చేసేటప్పుడు తప్పులు పెరిగి నిరుత్సాహం వస్తుంది. పట్టించుకోకండి.

నిద్ర, టెన్షన్

నిద్ర గురించి క్లుప్తంగా. 1924లోనే అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలన్‌బాక్ చేసిన ప్రయోగంలో, నేర్చుకున్నాక నిద్రపోయినవాళ్లు మేలుకుని ఉన్నప్పటి కంటే తక్కువ మర్చిపోయారని తేలింది. ఆ తర్వాతి పరిశోధనల్లో, గాఢనిద్రలో మెదడు పగటి జ్ఞాపకాలను మళ్లీ తిరగేసి గట్టిపరుస్తుందని బయటపడింది. రాత్రి రెండింటి దాకా కూర్చుని ఐదింటికి లేవడం కష్టపడ్డ తృప్తి ఇస్తుంది గానీ, పగలు చదివినదాన్ని తానే చెరిపేసుకున్నట్టవుతుంది.

టెన్షన్ సంగతి కాస్త వేరు. హాల్లో ‘‘అంతా బ్లాంక్ అయిపోయిందండీ’’ అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. ఒత్తిడిలో విడుదలయ్యే హార్మోన్లు జ్ఞాపకం బయటికి రావడాన్ని నిజంగానే అడ్డుకుంటాయి. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఎమీ స్మిత్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని పరీక్షించింది. పదాలు, బొమ్మలు మళ్లీ మళ్లీ చూసి నేర్చుకున్నవాళ్లకు ఒత్తిడి పెట్టగానే గుర్తుండేది తగ్గిపోయింది. అప్పజెప్పుకుని నేర్చుకున్నవాళ్ల మీద అదే ఒత్తిడి ప్రభావం దాదాపు కనపడలేదు. ‘టెన్షన్ పడకు’ అని చెప్పడం తేలిక, దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. పుస్తకం మూసి వందసార్లు చెప్పుకున్న విషయానికి హాల్లో నూటొకటోసారి రావడం అలవాటే.

అందుకే గ్రాండ్ టెస్టులను ర్యాంకు కోసం కాకుండా దీనికోసం రాయమంటాను. రాసేటప్పుడు ప్రతి బిట్టు పక్కన ఒక గుర్తు పెట్టుకోండి: ఖాయం, అనుమానం, గుడ్డిగా పెట్టింది. జవాబులు చూసుకునేటప్పుడు ముందు ‘ఖాయం’ అనుకుని తప్పిన వాటి దగ్గరికి వెళ్లండి. ధీమాగా చెప్పి తప్పిన జవాబును వెంటనే సరిచేస్తే, అది మామూలు తప్పు కంటే బాగా గుర్తుండిపోతుందని 2001 నాటి పరిశోధనలో తేలింది. సరిచేయకుండా వదిలేస్తే మాత్రం ఆ తప్పు ఆప్షనే నిజమన్నట్టు తిష్ఠ వేసే ప్రమాదం ఉంది. బిట్లు రాసి, కీ చూడకుండా మార్కులు మాత్రం లెక్కేసుకుని వెళ్లిపోవడం అందుకే మంచిది కాదు.

ఈ గుర్తుల వల్ల ఇంకో లాభం ఉంది. ఐదారు టెస్టులు పోయాక, మీరు ‘అనుమానం’ అనుకున్నవాటిలో ఎన్ని సరిగ్గా వస్తున్నాయో మీకే ఒక లెక్క తేలుతుంది. గ్రూప్-2లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంది. మీ అనుమానాల్లో సగానికి సగం సరైనవవుతుంటే హాల్లో వాటిని పెట్టడమే లాభం. గుడ్డిగా పెట్టినవి నాలుగింట ఒకటి మాత్రమే తగులుతుంటే వాటివల్ల వచ్చేదీ పోయేదీ సమానం, వాటి మీద టైము పెట్టకండి. గుర్తు రాని ప్రశ్న దగ్గర పెనుగులాడకుండా దాటిపోయి, రెండో విడతలో రండి. వచ్చాక జవాబు కోసం నేరుగా వెతకొద్దు. అది ఏ చాప్టరు, దాని పక్కన ఏ ప్రశ్న రాసుకున్నారు, దానికి ముందు ఏం జరిగింది అని చుట్టూ తిరగండి. చాలాసార్లు పక్కదాని చెయ్యి పట్టుకుని అసలుది వస్తుంది.